ఈల టీచరు పుస్తకాల పందెం

మా పెరటి గోడకీ బడి గోడకీ మధ్య ఒక సన్న సందు తప్ప మరేమీ లేదు. అందుచేత బడిలో ఏ పిల్ల ఎందుకు ఏడ్చిందో, ఏ మాస్టారు ఏ మాస్టారితో మాటలు మానేశాడో అందరికంటే ముందు నాకు తెలిసిపోతుంది. కావాలని వినను. చెవులకి తలుపులు పెట్టలేదు దేవుడు, నేనేం చెయ్యను? మా కోడలు మాత్రం, "కిటికీకి ఉన్నాయి కదా అత్తయ్యా, అవైనా వెయ్యండి" అంటుంది. వేస్తే గాలి ఎలా వస్తుంది?

ఈల టీచరు సంగతి మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. కానీ టైలరు తన ముక్క చెబుతాడు, కండక్టరు తన ముక్క చెబుతాడు. మొదటినుంచి చివరిదాకా చూసినదాన్ని నేను. కాబట్టి నేనే రాస్తున్నాను.

ఆవిడ మా బడికి డ్రిల్లు టీచరుగా వచ్చింది. పొడుగు మనిషి, వెన్ను ఎప్పుడూ నిటారు, మెడలో నల్లతాడుకి వేలాడే ఈల. పొద్దున్నే ఆ ఈల మోగితే పిల్లలే కాదు, మా ఆయన కూడా చేతిలో పేపరు కిందపెట్టి లేచి నిలబడేవారు. ఆవిడ భర్త లారీ మెకానిక్కు. మహా నెమ్మదస్తుడు. పెళ్ళైన నాటినుంచి ఆయన మాట్లాడిన మాటలన్నీ ఒక గ్లాసులో పోసినా గ్లాసు నిండదు. ఆ ఇంట్లో మాటలకి కరువు లేదంటే అదంతా ఈవిడ చలవే.

ఒకరోజు మా మెట్ల మీద కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, ఆవిడ పూర్వాపరాలన్నీ లాగాను. చిన్నప్పుడు పరుగుపందేల్లో జిల్లాదాకా వెళ్ళిందట. నలుగురు ఒక జట్టుగా, ఒకరి చేతిలో కర్ర ఇంకొకరికి అందిస్తూ పరిగెత్తే రిలే పందెం ఆవిడది. ఎప్పుడూ మూడో మనిషిగానే నిలబెట్టేవారట.

"మొదటివాళ్ళకి తుపాకీ మోత ఉంటుంది పెద్దమ్మగారూ, ఆఖరివాళ్ళకి తాడు ఉంటుంది. మూడోవాళ్ళకి ఏముంటుంది? మట్టి" అని నవ్వింది.

జట్టు గెలిచినప్పుడు పేపర్లో ఫోటో వేశారట. అందులో ఆవిడ మోచెయ్యి ఒక్కటే పడింది. ఆ పేపరు ముక్క ఇప్పటికీ వాళ్ళింట్లో ఉంది. నేను చూశాను. మంచి మోచెయ్యే.

అలాంటి మనిషి, పిల్లలకి లాంగ్ జంప్ చూపించబోయి తనే దూకింది. గుంటలో ఇసుక తక్కువైంది. మోకాలు దెబ్బతింది. కట్టు విప్పాక డాక్టరు, నడవచ్చు గానీ ఇక పరుగుమాట మర్చిపొమ్మన్నాడు. హెడ్మాస్టరు గారు మంచి మనసుతోనే ఆవిడని లైబ్రరీ గదిలో వేశారు. "హాయిగా కూర్చునే పనమ్మా" అన్నారు. కూర్చోవడం ఆవిడకి హాయెప్పుడైంది? ఆ వారమంతా మొహం గంటు పెట్టుకునే తిరిగింది. బడి పాఠాలూ ఆటల నియమాలూ తప్ప తన జన్మలో ఒక్క పుస్తకమైనా మొదలుపెట్టి ముగించలేదని, తనని పుస్తకాలకి కాపలా పెట్టడం అంటే చేపల చెరువుకి బాతుబొమ్మని కాపలా పెట్టినట్టని నాతో వాపోయింది.

అయినా చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు కదా. వారం తిరిగేసరికి గది దుమ్ము దులిపించి, అసెంబ్లీలో పిల్లల్ని నిలబెట్టినట్టు పుస్తకాల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టింది. పొట్టివి ముందు, పొడుగువి వెనక, మరీ లావువి పై అరలో. లెక్కల పక్కన కథలు, కథల పక్కన కప్పల జీవితం. చదువుకున్న మాస్టర్లు చూసి ముక్కున వేలేసుకున్నారు. పిల్లలకి మాత్రం తెగ నచ్చింది. "లావుపాటి నీలంది పక్కనుండే చిన్న పసుపుది" అని ఠక్కున తీసేవాళ్ళు. పుస్తకం తీసుకోవడానికి వరస, తిరిగివ్వడానికి వరస, ఆలస్యమైతే గది చుట్టూ నడక. ఒకప్పుడు బల్లులు తప్ప ఎవరూ తొంగిచూడని గది ముందు పిల్లలు బారులు తీరారు. మా మనవరాలు కూడా అన్నం దగ్గర పుస్తకం పట్టుకోవడం అప్పుడే నేర్చింది. పిల్లలు పుస్తకం కోసం తోసుకుంటుంటే చూడటం ఆవిడకి బాగుండేది. ఒకసారి అంది కూడా, మైదానంలో ఎంత ఈల వేసినా ఇంతమంది పరిగెత్తుకు రాలేదని.

ఇలా ఉండగా, ఆ ఏడాది బడులు తెరిచిన కొత్తలో చట్టం వచ్చింది.

హెడ్మాస్టరు గారు తల్లిదండ్రుల మీటింగు పెట్టి చదివి వినిపించారు. మనవరాలి తరఫున నాకూ పిలుపు వచ్చింది. రాకపోయినా వెళ్ళేదాన్నే అనుకోండి. చట్టం సారాంశం ఇది. ఇకమీదట బడి లైబ్రరీలో ప్రతి పుస్తకాన్నీ ఒక పెద్దమనిషి పూర్తిగా చదవాలి. చదివి, ఇది ఫలానా వయసు పిల్లలకి తగినదని అట్ట లోపల చీటీ అంటించి సంతకం పెట్టాలి. చివరి పరీక్షల ముందు అధికారులు వచ్చి చూస్తారు. సంతకం లేని పుస్తకాలన్నీ సంచుల్లోకెక్కి జిల్లా గోదాముకి పోతాయి.

మీటింగులో తలో మాటా అన్నారు. కాంపౌండరు ఆ చట్టం సబబే అన్నాడు, మందు సీసా మీద చీటీ లేకుండా పిల్లలకి పోస్తామా అని. నాకూ అందులో తప్పేం కనిపించలేదు. పిల్ల నోట్లో ఏం పెట్టుకుంటోందో చూసినట్టే, చేతిలో ఏం పట్టుకుంటోందో కూడా చూడాలి కదా. చిక్కల్లా ఒక్కటే. ఆ గదినిండా ఉన్న పుస్తకాలు ఎవరు చదువుతారు? మాస్టర్లకి పేపర్లు దిద్దడానికే తీరిక లేదు.

హెడ్మాస్టరు గారు దానికి దారి ముందే చూసి పెట్టారు. చదవగలిగినన్ని చదువుదాం, మిగతావి ప్రస్తుతానికి పంపేద్దాం, వరండాలో తడుస్తున్న జిరాక్సు మిషనూ పరీక్ష కట్టలూ ఆ గదిలో పెట్టుకుందాం అన్నారు. సంచులు కుట్టమని టైలరుకి అప్పటికే చెప్పారట కూడా. టైలరు నా పక్కనే కూర్చుని ఉన్నాడు, తల వంచుకున్నాడు.

ఈల టీచరు లేచింది. "గోదాముకి వెళ్ళింది ఏదైనా తిరిగొచ్చిందా సార్? మన పాత వాలీబాల్ స్తంభాలు వచ్చాయా?" అని అడిగింది. ఆ స్తంభాల సంగతి కనుక్కుంటానన్నారు హెడ్మాస్టరు గారు.

"పోనీ, పెద్దమనిషి అంటే ఎవరు? టీచరే అయి ఉండాలా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితం మళ్ళీ చూశారు. ఈ చుట్టుపక్కల ఉండేవాళ్ళు, చదవడం వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే అని ఉంది. బడి ప్రధానోపాధ్యాయుడు కూడా తప్పకుండా పాలుపంచుకోవాలని ఆ కిందనే ఉంది. అది ఆయన కొంచెం చిన్న గొంతుతో చదివారు.

ఈల టీచరు మీటింగు మధ్యలో ఈల ఊదింది. అంతే, ఆ చేత్తోనే పని మొదలైంది.

మర్నాడు ముందుగా మా ఇంటికే వచ్చింది, చంకలో పుస్తకాలతో. నాది ఐదో తరగతి చదువు, కూడబలుక్కుని చదువుతాను, నావల్ల ఏమవుతుందన్నాను.

"ఐదో తరగతి పిల్లల పుస్తకాలకి ఐదో తరగతి వాళ్ళే కావాలి పెద్దమ్మగారూ. పీహెచ్‌డీ వాళ్ళు చదివితే మధ్యలో నిద్రపోతారు" అంది.

అలా ఇల్లిల్లూ తిరిగింది. కాలు ఈడుస్తూనే తిరిగింది. ఇస్త్రీ బండి ఆవిడకీ, కండక్టరుకీ, టైలరుకీ, కాంపౌండరుకీ, ఆఖరికి సొంత మొగుడికీ అంటగట్టింది. సన్నపాటి పుస్తకాలు చకచకా అయిపోయాయి. ఒక పుస్తకం మాత్రం కాంపౌండరు వెనక్కి తెచ్చాడు. ఏదో పాతకాలపు గృహవైద్యం, పసిపిల్లలకి దగ్గొస్తే కిరసనాయిలు పట్టించమని రాసి ఉందట. అది ఎవరూ అడగకుండానే బయటికి పోయింది. చట్టం ఊరికే రాలేదన్నమాట అని ఈల టీచరే అంది.

తంటా అంతా పై అర దగ్గర వచ్చింది. లావుపాటి నవలలు. వాటిని చూస్తేనే జనం జడుసుకున్నారు. ఇస్త్రీ ఆవిడ ఒకదాన్ని చేత్తో తూచి, "దీన్ని కాల్చితే నాలుగు చీరలు మడత నలగకుండా వస్తాయి టీచరమ్మా, చదవమంటే మాత్రం నావల్ల కాదు" అని తిరిగిచ్చేసింది.

అప్పుడు ఆవిడకి తన పాత పందెం గుర్తొచ్చింది. ఒక్కో లావు పుస్తకానికి నలుగురి జట్టు కట్టింది. బట్టల తాడుకి పెట్టే క్లిప్పులు తెచ్చి, పేజీల మధ్య మూడు చోట్ల పెట్టింది, ఎర్రది, పసుపుది, పచ్చది. మొదటి మనిషి ఎర్ర క్లిప్పుదాకా చదివి రెండో మనిషికి అందించాలి. రెండో మనిషి అక్కడినుంచి పసుపుదాకా. అలా చివరిదాకా. ఎవరి ముక్క వాళ్ళు చదివి, చీటీ మీద ఎవరి ముక్కకి వాళ్ళు సంతకం పెట్టాలి. తన క్లిప్పు దాటి చదివినవాళ్ళు అవుట్. ఎందుకంటే ఒకరు గీత దాటితే వెనకవాళ్ళకి ఆలస్యం. ఈ నియమం అందరిచేతా పైకి చెప్పించింది కూడా.

ముక్క అనేసరికి అందరికీ ధైర్యం వచ్చింది. ఇక చూడాలి మా వీధిని. ఇస్త్రీ బండి మీద నీళ్ళ డబ్బాకి ఆనించి ఒక నవల. టైలరు మిషను మీద ఒకటి. బస్సు డిపోలో ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య కండక్టరు ఒళ్ళో ఒకటి. కొళాయి దగ్గర బిందెలు నిండిపోయి పొర్లుతుంటే ఆడవాళ్ళు పంచాయితీలు.

"ఆ పిల్ల బావిలోంచి బయటికొచ్చిందా లేదా వదినా?"

"నా ముక్క మొదలయ్యేసరికే అది పెళ్ళి చేసుకుని ఉంది. అసలు బావిలో ఎందుకు పడింది?"

"పడలేదు, దిగింది. ఎందుకు దిగిందో కండక్టరుకి తెలియాలి, పసుపు క్లిప్పు దాకా ఆయనదే."

కండక్టరు కోసం బస్సుస్టాపులో టిక్కెట్టు అక్కర్లేని జనం నిలబడటం నేను ఈ కళ్ళతో చూశాను.

కొన్నాళ్ళకి పుస్తకాలు చేతులు మారడం ఆలస్యం కాసాగింది. కండక్టరు బస్సు చెడిపోయిందన్నాడు. ఇస్త్రీ ఆవిడ పెళ్ళిబట్టలు వచ్చిపడ్డాయంది. ఈల టీచరు అందరినీ దులిపేసింది. ఎవరో నవల నిండా నల్లటి వేలిముద్రలు వేశారని, అవి టిక్కెట్ల సిరా ముద్రలేనని కండక్టరుకి ఇంకో రెండు అక్షింతలు వేసింది. ఆయన పాపం తన వేళ్ళు తిప్పి తిప్పి చూసుకున్నాడు. నేను మాత్రం ఒకరోజు టైలరు వాళ్ళ పెరట్లోకి, ఊరికే, గోడమీదుగా తొంగిచూశాను. తాడు మీద దుప్పటి ఆరేసి ఉంది. దుప్పటికి లైబ్రరీ ఎర్ర క్లిప్పు. మరి ఆ క్లిప్పు ఉండాల్సిన పుస్తకానికి గీత ఎక్కడ ఉన్నట్టు? అడిగితే, జారి కిందపడింది పెద్దమ్మా అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేనెవరికీ చెప్పలేదు. నేనూ ఆ తానులో ముక్కనే మరి, ఎలాగో తరవాత మీకే తెలుస్తుంది.

ఈల టీచరు మాత్రం తన నియమం తను తప్పలేదు. ఆవిడ జట్టులో మొదట హెడ్మాస్టరు గారు, తరవాత కాంపౌండరు, మూడోది ఆవిడ, ఆఖర్న బడి వాచ్‌మన్. వాచ్‌మన్ నెమ్మదిగా చదువుతాడని అతనికి చిన్న తోక మిగిల్చి పెద్ద ముక్క తనే తీసుకుంది. పడవ నడిపే ఒక ముసలామె కథ అది. ఎలా ఉంది అని అడిగాను.

"ఆ ముసలావిడ తమ్ముడితో ఒక్క మాటైనా మాట్లాడదు. నది మధ్యలో పడవ మునుగుతుంటే కూడా మాట్లాడదు. ఎందుకంత కోపమో నాకు తెలీదు" అంది.

ముందు పేజీలు తిప్పి చూడొచ్చు కదా అన్నాను.

"అది నా ముక్క కాదు పెద్దమ్మగారూ" అంది. ఆవిడకి ఎంత తెలుసుకోవాలని ఉందో మొహంలో కనిపిస్తూనే ఉంది.

అధికారులు వచ్చే రోజు రానే వచ్చింది. అధికారులంటే ఒక్కతే, మా కోడలి వయసు పిల్ల, గొడుగూ సంచీ పట్టుకుని పొద్దున్నే వచ్చింది. నమస్కారం పెట్టి, మంచినీళ్ళు తాగి, ఆ ఎత్తుల వరస చూసి ఒక్క చిరునవ్వు నవ్వి పనిలో పడింది. నేను మనవరాలికి మర్చిపోయిన రబ్బరు ఇవ్వడానికి వెళ్ళి లైబ్రరీ గుమ్మంలో ఆగిపోయాను. అప్పుడే టైలరు కూడా కుట్టిన సంచుల మోపు తెచ్చి వరండాలో పడేశాడు.

సన్న పుస్తకాలన్నీ బాగున్నాయంది. తరవాత పై అరలోంచి ఒక నవల తీసి అట్ట తెరిచింది. నాలుగు సంతకాలు చూసింది. ఇంకోటి తెరిచింది. ఇంకోటి.

"వీటిలో ఏ పుస్తకమైనా ఒక్క మనిషి మొత్తం చదివారా మేడమ్?"

"ప్రతి పేజీ ఎవరో ఒకరు చదివారు."

"అలా కాదు మేడమ్. ఒక మనిషి, మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా. చివర ఏమవుతుందో తెలియనివాళ్ళు అది పిల్లలకి తగిన పుస్తకమని ఎలా చెబుతారు?"

 ఈల టీచరు చట్టం కాగితం అడిగి తీసుకుని రెండుసార్లు చదివింది. పరుగుపందెంలో నలుగురు కలిసి పరిగెత్తితే పందెం పూర్తయినట్టే. అదే లెక్క ఇక్కడా వేసుకుని పప్పులో కాలేసింది. ఆ పొరపాటు ఇంకెవరూ చెయ్యరు, ఆవిడే చెయ్యాలి.

"మీరన్నది నిజమే. తప్పు నాది, ఈ వీధివాళ్ళది కాదు" అంది.

బడి సాయంత్రం గంట కొట్టేదాకా తను ఇక్కడే ఉంటానని, ఈలోపు ఏమైనా చెయ్యగలిగితే చూడమని ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది. హెడ్మాస్టరు గారు నిట్టూర్చి సంచుల వైపు చూశారు. నిజం చెప్పొద్దూ, ఆయన మొహంలోనూ సంతోషం లేదు. పై అర మొత్తం పోతుంది. పెద్ద తరగతుల పిల్లలు చదివేవన్నీ అవే.

ఈల టీచరు కుంటుకుంటూ మైదానం మధ్యలోకి నడిచి ఈల ఊదింది. మళ్ళీ ఊదింది. మా వీధికి ఆ ఈల అంటే ఏంటో తెలుసు. ఇస్త్రీ ఆవిడ పెట్టె దించేసి వచ్చింది. కండక్టరు డ్యూటీ దిగి ఇంటికెళ్తూ దారి మళ్ళాడు. మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వచ్చినవాళ్ళందరినీ ఆవిడ వరసలో నిలబెట్టి జరిగింది చెప్పింది. చెప్పి, కాసేపు అందరి మొహాల్లోకీ చూసింది. ఆలస్యాలూ సాకులూ అన్నీ ఆవిడకి అప్పుడు ఒకదాని పక్కన ఒకటి కనిపించాయనుకుంటాను.

"ఇన్నాళ్ళూ నా గీత దాటినవాళ్ళు అవుట్ అన్నాను. ఈ రోజు దాటనివాళ్ళు అవుట్. దాటినవాళ్ళు ముందుకి రండి."

ఎవరూ కదల్లేదు. ఆవిడ ముందు ఒప్పుకోవడమంటే మాటలా? టైలరు చెప్పుల వైపు చూసుకున్నాడు. కండక్టరు ఆకాశం వైపు చూశాడు.

అందరిలోకీ ముందు అడుగు వేసింది ఆవిడ మొగుడు.

"నేను దాటాను" అన్నాడు మెకానిక్కు.

"ఎంతవరకు?"

"మొత్తం. రెండుసార్లు."

"ఎప్పుడు చదివారు? ఇంట్లో పుస్తకం పట్టుకోగా నేను చూడలేదే!"

"లారీ కింద."

ఆవిడ ఆ వేలిముద్రల నవల తెప్పించి తెరిచింది. ఎర్ర క్లిప్పు దాటి, పసుపు దాటి, పచ్చ దాటి చివరి పేజీదాకా నల్లటి గ్రీజు వేలిముద్రలు. కండక్టరు గొంతు సవరించుకుని, "ఆ రెండు అక్షింతలు వెనక్కి తీసుకోవాలి టీచరమ్మా" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. దాంతో కట్ట తెగింది. టైలరు ముందుకొచ్చాడు. ఇస్త్రీ ఆవిడ వచ్చింది. ఆఖరి ముక్క వచ్చినవాళ్ళు ముందేం జరిగిందో తెలియక నిద్రపట్టక మొదటికి వెళ్ళి చదివారు. మొదటి ముక్క వచ్చినవాళ్ళు క్లిప్పు తీసి తాడుకి పెట్టేసి చివరిదాకా పోయారు. మా కోడలు కూడా వరసలోంచి బయటికొచ్చింది. నా సంగతి వేరే చెప్పాలా? ఎవరింట్లో ఏం జరిగిందో తెలియకపోతేనే అన్నం సహించదు నాకు, పుస్తకంలోని ఇంట్లో ఏం జరిగిందో తెలియకుండా ఎలా ఊరుకుంటాను? బావిలో దిగిన పిల్ల పుస్తకం నేను చదవడం ముగించేసరికి అట్ట నలిగింది కూడా.

అధికారిణి ఊరికే సంతకాలు ఒప్పుకోలేదు. ఒక్కొక్కరినీ పిలిచి, కథ ఎలా ముగిసిందని అడిగింది. ఇస్త్రీ ఆవిడ అటూ ఇటూ చూసి, "మా ఆయన ఇంకా సగంలో ఉన్నాడమ్మా, ఆయన వినకూడదు" అని ఆ పిల్ల చెవిలో చెప్పింది. టైలరూ కండక్టరూ కథానాయిక పుట్టింటికి తిరిగి రావడం సబబా కాదా అని అధికారిణి ఎదుటే జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చారు. "ఒకరి తరవాత ఒకరు, ఒకరి తరవాత ఒకరు" అని ఆ పిల్ల బల్ల కొట్టాల్సి వచ్చింది. ఒక్కో నవలకీ కొత్త చీటీ పడింది. పై అర మళ్ళీ నిండుతూ వచ్చింది.

చివరికి ఒక్కటి మిగిలింది. పడవ ముసలామె.

హెడ్మాస్టరు గారు తన ముక్క దాటలేదు. కాంపౌండరు చీటీలో రాసిన మోతాదు దాటడు. వాచ్‌మన్‌కి ఆ తోక ముక్కే నెల పట్టింది. ఒక్క పుస్తకమే కదా, పోతే పోయింది, ఇన్ని నిలబడ్డాయి చాలదా అని ఎవరో అన్నారు. ఈల టీచరు ఆ మాట పూర్తి కానివ్వలేదు.

"అందరికంటే పెద్ద ముక్క నాది. మిగతాది కూడా నేనే చదువుతాను" అని వరండాలో బెంచీ మీద కూర్చుని, నొప్పి కాలు స్టూలు మీద చాపి, మొదటి పేజీ తెరిచింది.

అధికారిణి బడిలో మిగతా గదులు చూడటానికి వెళ్ళింది. మా వీధి మాత్రం ఇంటికి వెళ్ళలేదు. ఎవరు వెళ్తారు? మెకానిక్కు మెట్టుమీద కూర్చుని పానా తిప్పుకుంటూ భార్యనే చూస్తున్నాడు. మా కోడలు టీ తెచ్చి పక్కన పెట్టింది. అది చల్లారిపోయింది, ఇంకోటి తెచ్చింది, అదీ చల్లారింది. ఆవిడ పెదాలు కదిలేవి, ఒక్కోసారి కనుబొమలు లేచేవి. ఒకచోట "అయ్యో" అంది, మేమంతా ఏంటి ఏంటి అని మీదపడ్డాం, చేత్తోనే తోసేసింది. తను చదివిన ముక్క వచ్చినప్పుడు దాటేస్తుందనుకున్నాం. దాటలేదు, అదీ మళ్ళీ చదివింది. ఇప్పుడు అర్థం వేరుగా ఉందని తరవాత చెప్పింది.

ఎండ వాలింది. మిగిలిన పేజీలు ఇంకా గోరు మందాన ఉన్నాయి. హెడ్మాస్టరు గారు చేతిగడియారం చూసుకుంటూ పచార్లు చేసి చేసి, చివరికి వంగి మెల్లగా అడిగారు.

"గంట ఒక పది నిమిషాలు ఆలస్యంగా కొట్టించనా అమ్మా? ఎవరు చూశారు?"

నిబంధనలంటే ప్రాణం పెట్టే ఆయన నోట ఆ మాట విని కాంపౌండరు దగ్గాడు. ఈవిడ తల ఎత్తలేదు.

"గంట గంటకే కొట్టించండి సార్. లేకపోతే గెలిచినట్టు కాదు."

వాచ్‌మన్ సుత్తి పట్టుకుని గంట కింద నిలబడ్డాడు. మేమందరం ఆవిడ చేతుల వైపే చూస్తున్నాం.  తీరా చూస్తే పుస్తకం మొదటి పేజీల దగ్గర తెరిచి ఉంది. ఏదో మర్చిపోయి వెనక్కి వెళ్ళిందనుకున్నాను. గంట మోగింది. అధికారిణి వచ్చి ఎదురుగా నిలబడింది.

"అయిందా మేడమ్?"

"ఇందాకే అయింది. ఇది రెండోసారి" అంది ఈల టీచరు. అని, మొగుడి వైపు చూసింది. ఆయన నోరు విప్పకుండా నవ్వాడు. మా కొళాయి దగ్గరి ఆడవాళ్ళ అరుపుకి గోడమీది పావురాలన్నీ లేచిపోయాయి.

ఏ వయసుకి తగినదని అధికారిణి అడిగింది. పన్నెండు దాటినవాళ్ళకి అని ఈల టీచరు చెప్పింది. ఆ ముసలామెకి తమ్ముడి మీద కోపం ఎందుకో చిన్నపిల్లలకి తెలియదని, తనకే ఈ రోజు తెలిసిందని చెప్పి సంతకం పెట్టింది. ఆ పిల్ల తన సంతకం కూడా పక్కన పెట్టి, సంచులు అక్కర్లేదని హెడ్మాస్టరు గారితో చెప్పింది. వెళ్తూ వెళ్తూ, తగిన వయసు దాటిందిగా అని అడిగి, ఆ బావిలో దిగిన పిల్ల పుస్తకం చదవడానికి పట్టుకెళ్ళింది కూడా. వరసలో నిలబడే తీసుకుంది.

నేను ఆగలేక అడిగేశాను. "ఇంతకీ ఎందుకమ్మా ఆ కోపం? న్యాయమైన కోపమేనా?"

"చదవండి పెద్దమ్మగారూ. నేను చెప్పను" అంది. ఎంత కాఫీ పోసినా ఈ విషయంలో ఆ మనిషి నోరు మెదపలేదు.

ఆ సంచులు ఏమయ్యాయంటారా? వార్షిక ఆటల రోజున ఈల టీచరు వాటిని మైదానంలో వరసగా పరిచి, వీధి మొత్తానికి సంచుల పరుగు పెట్టింది. టైలరు తను కుట్టిన సంచిలోనే కాళ్ళు తగులుకుని పడ్డాడు. హెడ్మాస్టరు గారు గీతదాకా గెంతుకుంటూ వచ్చి మరీ పడ్డారు. గెలిచింది ఇస్త్రీ ఆవిడ. తాడు దగ్గర అందరినీ నిలబెట్టి కండక్టరు ఫోనుతో ఫోటో తీశాడు. అది లైబ్రరీ గోడకి ఉంది. ఈల టీచరు మధ్యలో తలనుంచి పాదందాకా నిండుగా ఉంది. హెడ్మాస్టరు గారిది మోచెయ్యి పడింది.

జిరాక్సు మిషను ఇంకా వరండాలోనే ఉంది. దానిమీద ఒక రేకు వేయించారు.

పడవ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. కూడబలుక్కుంటూ సగందాకా వచ్చాను. కోపం ఎందుకో తెలిసింది. నా ఉద్దేశంలో మాత్రం తప్పు ఆ ముసలామెదే. ఈల టీచరుతో ఈ విషయం తేల్చుకోవాలి. పూర్తయ్యేదాకా మాట్లాడటానికి వీల్లేదంటోంది.